కంప్యూటర్ డబ్బా మీద పసుపు వేలిముద్ర

ఇట్లా దగ్గరికి జరగండి. ఆ చాటలోని చింతపిక్కలు తర్వాత ఏరుకోవచ్చు, అవి ఎక్కడికీ పోవు. ముందు చెవులు ఇటు పెట్టండి.

ఇటిక్యాలలో ఒక మహా మేధావి ఉండేవాడు. మేధావి అని ఊరు అనలేదు, ఆయనే అనుకున్నాడు. అనుకుని ఊరుకుంటే బాగుండేది. రేకు మీద ఎర్ర రంగుతో రాయించి దుకాణం ముందు వేలాడదీశాడు కూడా:

"అపరాధ పరిశోధక సింహం రాఘవేందర్. హత్యలు, దొంగతనాలు, మాయమైన మనుషులు మరియు పశువులు. ఇక్కడ సైకిళ్లకు గాలి కొట్టబడును."

అద్దె సైకిళ్ల దుకాణం ఆయనది. ఊళ్లో మోటార్ సైకిళ్లు పెరిగాక సైకిల్ అద్దెకు అడిగేవాళ్లు తగ్గారు, ఆయనకు తీరిక పెరిగింది. తీరిక పెరిగిన మనిషికి అపరాధాలు ఎక్కడపడితే అక్కడ కనపడతాయి. మొదట పట్టిన కేసు వాళ్ల పెద్దమ్మ రేణుకమ్మ మేక తప్పిపోయిన కేసు. మేక కోసం గట్టు ఊరి సంత దాకా పోయి, ముగ్గురు అమాయకులను నిలదీసి, కాళ్లు పీకి దుకాణానికి తిరిగివస్తే, మేక అక్కడే ఆయన సైకిల్ సీటు నములుతూ ఉంది. "చూసిన్రా! నా పేరు వినంగనే నేరుగ వచ్చి లొంగిపోయింది" అన్నాడు. ఆ రోజు నుంచి రేణుకమ్మకు వాడంటే గురి.

రెండో కేసు గడియారాల ఖాజాది. బస్టాండు దగ్గర గడియారాలు, రేడియోలు బాగుచేసే ఖాజా, కంటికి తగిలించుకునే భూతద్దం పోయిందని కేసు పెట్టాడు. దసరా నాటి నుంచి రాఘవేందర్ దాన్ని వెతుకుతూనే ఉన్నాడు.

ఈ కథ ఆ ఖాజా బిడ్డ సనాది. ఫోన్లు ఇంకా చేతుల్లోకి రాక, కంప్యూటర్ ఉన్న ఇంటికి జనం చూడటానికి పోయే రోజులు. సనా కర్నూలులో ఉండి కంప్యూటర్లు విప్పడం, బిగించడం నేర్చుకుని వచ్చింది. తండ్రి దుకాణంలో కిటికీ పక్కన ఒక టేబుల్ ఉంది. దానిమీద నడవని గోడ గడియారాలు గుట్టపోసి ఉంటాయి. ఆ టేబుల్ ఇస్తే చాలు, తన పని తాను చేసుకుంటానని ఆమె ఆశ.

"ఆడపిల్ల స్క్రూడ్రైవర్ పడితే నమ్మి ఎవరిస్తరు బేటీ సామాను?" అన్నాడు ఖాజా.

"స్వరూపక్క ఇచ్చింది అబ్బా. హైదరాబాదుకెల్లి కంప్యూటర్ సామాన్లు విడివిడిగ తెప్పించింది. కట్టిపెట్టమన్నది."

"అయితే సరే. అది నడిస్తే టేబుల్ నీది. నడవకపోతే మల్ల ఆ మాట నా దగ్గర ఎత్తొద్దు."

ఇదీ మాట. ఆ పిల్లకు ఉన్నదంతా ఆ డబ్బాలోనే ఉంది.

స్వరూప బళ్లో పంతులమ్మ, రేణుకమ్మ కోడలు. ప్రశ్నపత్రాలు ఇంట్లోనే అచ్చు వేసుకుందామని కంప్యూటర్ తలపెట్టింది. సనా పొద్దున్నే వచ్చి ముందు గదిలో చాప పరిచి పని మొదలుపెట్టింది. రేణుకమ్మ పీట వేసుకుని పక్కనే కూర్చుంది.

"ఏం జేస్తున్నవ్ బిడ్డా?"

"కంప్యూటర్ కడుతున్న అవ్వా."

"కడుతున్నవా? ఇల్లు కట్టినట్టా?"

"గట్లనే అనుకో. గీ పలక ఉంది సూడు, మదర్‌బోర్డు. ఇదే పునాది. మిగిలినయన్నీ దీనిమీదనే నిలబడ్తయ్."

"పునాదంటే మాటలా? జాగ్రత్తగ కట్టు తల్లీ" అంది రేణుకమ్మ, చాలా గంభీరంగా తల ఊపి.

సనా ఇనుప డబ్బాను పడుకోబెట్టి, అడుగున బుల్లి ఇత్తడి కాళ్లు బిగించి, వాటిమీద పలకను ఆనించింది. స్క్రూలు బిగిద్దామనుకునేలోపు స్వరూప లోపలి నుంచి రొట్టె తినమని కేకేసింది. కంప్యూటర్ దగ్గర ఎవరు? ఇంటి పెద్ద కాపలా ఉండగా ఇంకేం భయం? సనా లోపలికి పోయి రెండు జొన్నరొట్టెలు పుంటికూరతో తిని వచ్చి, స్క్రూలు బిగించి, తీగలు కలిపి, డబ్బాను నిలబెట్టింది. సాయంత్రానికి పని అయిపోయింది. ఖాజా కూడా దుకాణం కట్టేసి వచ్చాడు. కొబ్బరికాయ కొట్టారు. సనా స్విచ్ నొక్కింది.

లోపలి ఫ్యాన్ చలిజ్వరం వచ్చినట్టు ఒక్కసారి వణికి, ఆగిపోయింది. మళ్లీ నొక్కింది. మళ్లీ వణికింది. అంతే.

జ్ఞాపకశక్తి ఉండే పట్టీ తీసి తుడిచి పెట్టింది. తీగలన్నీ ఊడదీసి మళ్లీ తగిలించింది. కరెంటు ఇచ్చే పెట్టె మార్చి చూసింది. ఏదీ పనిచేయలేదు. స్వరూప ఇంటి ఫోన్ నుంచి కర్నూలులోని మాస్టరుతో మాట్లాడితే, "మదర్‌బోర్డు పోయినట్టుందమ్మా" అన్నాడాయన.

ఖాజా తిట్టలేదు. తిట్టి ఉంటే సనాకు కొంత నయంగా ఉండేది. "రేపు పగటి బస్సుకు డబ్బా డబ్బానే హైదరాబాదు తీస్కపోయి దుకాణపోనికి వాపస్ ఇచ్చొస్త" అని మాత్రం అని, చెప్పులు వేసుకున్నాడు.

ఇంటికి పోయిన సనాకు ఒక ఆలోచన వచ్చింది. పలకను డబ్బాలో నుంచి పూర్తిగా విప్పి, బయట చెక్కమీద పెట్టి చూడలేదు కదా! తెల్లారగానే స్క్రూడ్రైవర్ పట్టుకుని స్వరూప ఇంటికి పరుగెత్తింది.

గడపలోనే ఒక చెయ్యి అడ్డం వచ్చింది.

"ఆగు! ఇది నేరస్థలం."

మండే ఎండాకాలంలో నల్ల రెయిన్‌కోటు వేసుకుని, కాలర్ చెవులదాకా లేపుకుని, చెమటతో తడిసి ముద్దై నిలబడి ఉన్నాడు రాఘవేందర్. ఒక కంటికి భూతద్దం.

"రాఘవన్నా, నువ్వెందుకొచ్చినవ్?"

"నేను రాలే చెల్లె. కేసే నన్ను పిలిచింది."

"నేనే పిలిచిన" అంది లోపలి నుంచి రేణుకమ్మ. "నిన్న సాయంత్రం నీ మొకం జూసినంక నాకు పానం ఒప్పలే. ఎవనిదో పాపిష్టి చెయ్యి పడింది దీనిమీద. మా వాడు పట్టుకుంటడు."

"ఎవరి చెయ్యీ కాదు అవ్వా. బోర్డు విప్పి చూస్తే తెలుస్తది. జర జరుగన్నా."

రాఘవేందర్ ఆమె చేతిలోని స్క్రూడ్రైవర్ లాక్కుని కోటు జేబులో వేసుకున్నాడు. "శవాన్ని కదిలిస్తే సాక్ష్యాలు చెదిరిపోతయ్. విప్పుడు డాక్టరు పని. పట్టుడు నా పని. సనా చెల్లె, ఇగో, ఇయ్యాల్టి నుంచి నువ్వు నా సహాయకురాలివి. నాకు దూప అయితున్నది, నీళ్లు తే."

నీళ్లు తాగి విచారణ మొదలుపెట్టాడు. ఇంట్లో వాళ్లందరినీ వరుసగా నిలబెట్టాడు. అందరూ అంటే ఇద్దరే, అత్తా కోడలూ.

"స్వరూప వదినె! సూటిగ అడుగుత, సూటిగ చెప్పు. ఈ కంప్యూటర్‌కు నువ్వు చెడు తలపెట్టినవా?"

"నా కంప్యూటర్‌కు నేనెందుకు చెడు తలపెడ్త? నీకు ఎండదెబ్బ గిట్ల తగిలిందా? ఆ కోటు ఇప్పు ముందు."

"కోపం వస్తున్నది. గుర్తుపెట్టుకుంట. పెద్దమ్మా! నువ్వేమన్న చెడు చేసినవా?"

"నేనా?" రేణుకమ్మ గుండెమీద చెయ్యి పెట్టుకుంది. "జములమ్మ తల్లి సాక్షి, దాని మంచి కోరినదాన్ని నేను. చెయ్యవలసిందంతా చేసిన."

"శభాష్! పెద్దమ్మ నిర్దోషి" అని అక్కడికక్కడే తీర్పు చెప్పేశాడు. తర్వాత నేలమీద బోర్లా పడుకుని డబ్బా చుట్టూ పాకాడు. సగం చుట్టు పాకినవాడు ఉన్నట్టుండి బిగుసుకుపోయాడు.

"సనా! ఇటు రా. నీకేం కనబడ్తున్నది?"

డబ్బా అంచు మీద, లోపలివైపు, పసుపు రంగులో ఒక వేలిముద్ర. సనా వంగి చూసింది. ఎండిన పసుపు. సాయంత్రం ఫ్యాన్ వైపే చూస్తూ ఉండిపోయి, ఇది ఆమె కంట పడనేలేదు.

"పసుపు అన్నా. పూజల అంటి ఉంటది. కొబ్బరికాయ కొట్టినం గద."

"అందుకే నువ్వు సహాయకురాలివి, నేను సింహాన్ని. పూజ చేసినోళ్లు డబ్బా పైన పసుపు పెడ్తరు గని లోపల ఎందుకు పెడ్తరు? ఇది ఒట్టి పసుపు కాదు. పచ్చకామెర్లు!"

"ఏంది?"

"పచ్చకామెర్లోనికి లోకమంత పచ్చగ కనబడ్తదంటరు. మరి లోకానికి వాడెట్ల కనబడ్తడు? గిట్ల, ముద్ర ఏసి కనబడ్తడు! ఈ ఊర్ల కామెర్లొచ్చినోడు ఎవడు? వానికి కంప్యూటర్ అంటే ఎందుకు మంట?"

రెండు ప్రశ్నలకూ ఆయనే జవాబు వెతుక్కున్నాడు. మండలాఫీసు ముందు చింతచెట్టు నీడలో టైపు మిషన్ పెట్టుకుని అర్జీలు కొట్టిపెట్టే నాగన్న! వానికి మొన్నామధ్య కామెర్లు వచ్చాయి. కంప్యూటర్ వస్తే వాని గిరాకీకి గండి. పాపం, ఇంత తెలివిగా అల్లిన వలలో చేప ఒక్కటే తక్కువ.

"అన్నా, ఆ స్క్రూడ్రైవర్ ఒక్క నిమిషం ఇయ్యవా? మా అబ్బ బస్సుకు పోతడు" అని సనా బతిమాలింది.

"బస్సులు పోతయ్, వస్తయ్. నేరస్థుడు పోతే రాడు. నడువు!"

స్క్రూడ్రైవర్ ఆయన జేబులో ఉంది. కాబట్టి సనా కూడా ఆయన వెనకే నడవవలసి వచ్చింది.

నాగన్న ఎవరిదో పట్టా అర్జీ టకటకా కొడుతున్నాడు. రాఘవేందర్ చెట్టు చాటు నుంచి చెట్టు చాటుకు దుముకుతూ వచ్చాడు. ఉన్నది ఒకటే చెట్టు కాబట్టి రెండోసారి పోయి ఆగి ఉన్న బర్రె చాటున నిలబడ్డాడు. బర్రె కదిలి పోయింది.

"నాగన్నా! నీ ఆట కట్టింది. నాలిక చాపు!"

"ఎందుకురా? నువ్వేమన్న డాక్టర్‌వా?"

"కండ్లు చూపియ్యి! గోర్లు చూపియ్యి!"

"నా కామెర్లు పోయి రెండేండ్లాయె. వీపనగండ్ల ఊర్ల ఇచ్చే పసరు తాగి పత్తెం చేసిన. ఇప్పుడు నీకంటె నేనే తెల్లగున్న. ఏందిరా నీ బాధ?"

"స్వరూప వదినె కంప్యూటర్‌ను నువ్వే చంపినవ్. ఒప్పుకో, శిక్ష తగ్గిపిస్త."

నాగన్న అర్జీ కాగితం మిషన్‌లో నుంచి సర్రున లాగాడు. ముప్పై ఊళ్ల వాళ్ల అర్జీలు కొట్టిన మనిషికి రోషం రాకుండా ఉంటుందా? "నేనా? మిషన్‌ను? మిషన్ తోటి బతికేటోన్ని, ఇంకో మిషన్ మీద చెయ్యి ఏస్తనా? పద, ఇప్పుడే పోదం. ఆ డబ్బా ముంగటనే నీ సంగతి తేలుస్త!"

"వస్తుండు, వస్తుండు" అని రాఘవేందర్ సనా చెవిలో గుసగుసలాడాడు. "నేరస్థుడు నేరం చేసిన చోటుకు మల్ల వస్తడని చెప్తరు. సూసినవా?"

"మనమే తోలుకపోతున్నం గదన్నా."

వాళ్లు పోయేసరికి ఖాజా అక్కడే ఉన్నాడు. డబ్బాను కట్టడానికి సుతిలి తాడు, పాత దుప్పటి తెచ్చుకున్నాడు. సనా తండ్రి మొహం వైపు చూడలేకపోయింది. తాడు వైపు చూసింది. ఆ తాడుతో డబ్బాను కడితే, కిటికీ పక్కన టేబుల్ మీది గడియారాలు ఇక ఎన్నటికీ కదలవు.

"అబ్బా, ఒక్కసారి పలక విప్పి చూస్త. ఒక్కసారి."

"నిన్న పొద్దంత చూసినవ్ గద బేటీ. బస్సు టైం అయితున్నది."

"ఎవరూ కదలొద్దు!" రాఘవేందర్ గది మధ్యలోకి వచ్చి రెండు చేతులూ లేపాడు. "అందరూ ఉన్నరు. తలుపేయండి. ఈ గదిల ఒక హంతకుడున్నడు."

"తలుపేస్తే ఉక్కపోస్తది, చెప్పేదేదో గట్లనే చెప్పు" అంది స్వరూప.

"సరే, తెరిచే ఉంచండి. హంతకుడు ఎట్ల వచ్చిండో, ఎట్ల చేసిండో ఇప్పుడు చేసి చూపిస్త. నాగన్న దొడ్డి తలుపుకెల్లి పిల్లి తీరుగ వచ్చిండు..."

"నీ అయ్య వచ్చిండు!" అన్నాడు నాగన్న.

"...వచ్చి, డబ్బాను గిట్ల రెండు చేతులతోటి ఎత్తిండు..." రాఘవేందర్ నిజంగానే డబ్బాను ఎత్తాడు. పక్క మూత సనా నిన్ననే తీసి పక్కన పెట్టింది. తీగలు పేగుల్లాగా వేలాడుతున్నాయి. "...ఎత్తి, కసిగ దీని కడుపులకు సూసిండు..."

"అన్నా, కింద పెట్టు! పడ్తది!" అని సనా అరిచింది.

"సింహం చేతుల నుంచి ఎన్నటికీ ఏదీ పడదు" అంటూ రాఘవేందర్ ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆయన రెయిన్‌కోటు ఆయనకంటే పొడుగు. అంచు మీద ఆయన కాలే పడింది. ఖాజా పరిచిన దుప్పటి మీదికి, తాడు మీదికి, అక్కడి నుంచి రేణుకమ్మ పీట మీదికి జారి, సింహం వెల్లకిలా పడింది. డబ్బా ఆయన పొట్టమీద దభీమని పడింది. పొట్ట మెత్తనిది. డబ్బాకు ఏమీ కాలేదు.

"అమ్మో!" అని సింహం.

ఆ తర్వాత గదిలో టింగుమని ఒక చిన్న చప్పుడు. డబ్బాలో నుంచి ఏదో ఎగిరిపడి, నేలమీద దొర్లుకుంటూ, నాగన్న కాళ్ల మధ్య నుంచి, ఖాజా చెప్పు పక్క నుంచి పోయి, రేణుకమ్మ ముందు చుట్టూ తిరిగి తిరిగి పడుకుంది. నడుమ తూటు ఉన్న పాత రాగి పైస. ఒక పక్కంతా ఎండిన పసుపు ముద్ద.

"అయ్యో!" రేణుకమ్మ వంగి తీసుకుని కళ్లకద్దుకుంది. "నా పునాది పైస! నువ్వెందుకు బయటికొచ్చినవ్ తల్లీ?"

సనా దగ్గరికి పోయి పైసను చూసింది.

"అవ్వా" అంది సనా మెల్లగా. "ఇది నీదా?"

"నాది గాక? ఈ ఇల్లు కట్టినప్పుడు ద్వారబంధం కింద ఒక పైస ఏసిన. పశువుల కొట్టం కట్టినప్పుడు గుంజ కింద ఒకటి ఏసిన. ఇది మిగిలింది. నువ్వు పునాది అంటివి. పునాదిల ఏమీ ఏయకుండ ఎవరన్న కడ్తరా? చిన్నపిల్లవు, నీకు తెల్వదనుకున్న. నువ్వు రొట్టె తింటుంటే పసుపు ముద్దల పొదిగి పలక కిందికి మెల్లగ తోసిన."

"మరి పెద్దమ్మా!" పొట్టమీద డబ్బాతోనే రాఘవేందర్ తల ఎత్తాడు. "పొద్దుగాల అడిగితే చెప్పలేదేంది?"

"నువ్వేమడిగినవ్ రా? చెడు చేసినవా అని అడిగినవ్. నేను చెడు చేసిన్నా? మంచి ఎవరు చేసిన్రు అని అడిగితే అప్పుడే చెప్పకపోదునా?"

 సనా అప్పటికే సింహం జేబులో నుంచి స్క్రూడ్రైవర్ లాగేసుకుంది. చకచకా పలక విప్పింది. కింద ఇనుప రేకు మీద పసుపు ఎండి సున్నంలా అంటుకుని ఉంది. పైస వెన్ను పలకకూ తగిలి, పసుపు పొర తడిగా ఉన్నప్పుడే ఒక అంచు డబ్బాకూ తగిలి, కరెంటుకు అడ్డదారి చూపించింది. కరెంటు ఇచ్చే పెట్టె బుద్ధిమంతురాలు. ఏదో తేడా ఉందని తెలిసి, ప్రతిసారీ తనంతట తానే ఆగిపోయింది. అందుకే ఆ వణుకు. చీపురుపుల్లతో పసుపంతా గీకి, గుడ్డతో తుడిచి, పలకను మళ్లీ బిగించింది.  ఖాజా తాడు చేతిలో పట్టుకుని అలాగే నిలబడి చూస్తున్నాడు. బస్టాండు వైపు నుంచి హైదరాబాదు బస్సు హారన్ వినిపించింది. ఆయన తల తిప్పలేదు.

సనా స్విచ్ నొక్కింది.

ఫ్యాన్ వణికింది. వణికి, ఆగలేదు. గిర్రున తిరిగింది. డబ్బా కీచుమని ఒక్క కూత కూసింది, అప్పుడే పుట్టిన పిల్లలాగా. తెర మీద తెల్లటి అక్షరాలు పరుగెత్తాయి.

"పానమొచ్చింది!" అని రేణుకమ్మ చప్పట్లు కొట్టింది. నాగన్న దగ్గరికి వచ్చి తెర చూసి, "అక్షరాలు బాగనే ఉన్నయ్, కని చప్పుడే లేదు. చప్పుడు లేకుంటే కొట్టినట్టేడ అనిపిస్తది?" అన్నాడు. స్వరూప సనాను గట్టిగా పట్టుకుంది.

ఖాజా తాడును మెల్లగా చుట్ట చుట్టి జేబులో పెట్టుకున్నాడు. "బేటీ, సాయంత్రం జర తొందరగ దుకాణానికి రా" అన్నాడు. "ఆ గడియారాలన్నీ అటక మీద పెట్టాలె. నేనొక్కన్ని ఎత్తలేను."

సనా మొహం అటు తిప్పుకుంది. ఎందుకు తిప్పుకుందో మీకు చెప్పాలా?

ఇంతలో రాఘవేందర్ లేచి కోటు దులుపుకున్నాడు. "నేను కావాలనే పడ్డ. ఎక్కడ పడాలె, ఎట్ల పడాలె అని పొద్దటినుంచి లెక్కేసుకున్న."

"నాకు తెలుసు" అన్నాడు ఖాజా. దగ్గరికి పోయి, ఆయన కంటి నుంచి భూతద్దం ఊడదీసి, వెలుతురుకు పెట్టి చూశాడు. దాని అంచుకు ఆయన గుర్తుపట్టే సన్నటి గీత ఉంది. "దసరా నాడు గడియారం చూపెట్టనీకి వచ్చి, కంటికి పెట్టుకుని చూసి, గట్లనే ఎల్లిపోయినవ్ గదా నాయినా?"

రాఘవేందర్ రెండు వేళ్లు లేపాడు. "అయితే ఆ కేసు కూడ అయిపోయినట్టే! ఒక్క రోజుల రెండు కేసులు!" అని మీసం దువ్వాడు.

వారం తిరగకుండానే ఆయన రేకు బోర్డు మీద కొత్త వరస చేరింది: "కంప్యూటర్ హత్యలు కూడా చేపట్టబడును." గాలి కొట్టే మాట మాత్రం అలాగే ఉంచాడు, అన్నం పెట్టేది అదే కదా.

కిటికీ పక్క టేబుల్ సనాది అయింది. మొదటి రోజు రేణుకమ్మ అదే తూటు పైస పట్టుకుని దుకాణానికి వచ్చింది. ఈసారి అడిగి వచ్చింది. "యాడ పెట్టమంటవ్ బిడ్డా?" అంటే, సనా ఆమె చెయ్యి పట్టుకుని తీసుకుపోయి గడప కింద మట్టి తవ్వి చూపించింది. ఇద్దరూ కలిసి అక్కడ పెట్టారు. అక్కడ పెడితే కరెంటుకు ఏ ఇబ్బందీ లేదు.

ఆ తర్వాత గద్వాల నుంచి, గట్టు నుంచి ఎంతమంది ఎన్ని డబ్బాలు తెచ్చినా, సనా వెంటనే స్క్రూడ్రైవర్ ముట్టుకోదు. ముందు వాళ్లను కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చి ఒక్క మాట అడుగుతుంది: "దీనికి ఇంట్ల ఎవరన్న ఏమన్న మంచి చేసిన్రా?"

అదిగో, నవ్వుతున్నారు. నవ్వండి, కానీ మరిచిపోకండి. మీ ఇంట్లో కూడా ఏదో ఒకనాడు ఏదో ఒకటి నడవకుండా మొండికేస్తుంది. అప్పుడు దొంగల కోసం ఊరి మీద పడకముందు, ఇంట్లో మంచి చేసిన వాళ్లెవరో నెమ్మదిగా అడగండి. ఈ కథ మీ పిల్లలకు చెప్పండి. చెప్పేటప్పుడు రాఘవేందర్ పడ్డ చోట జర ఆగి చెప్పండి, వాడు పడితేనే కదా ఆ పిల్ల నిలబడింది.